పిల్లలు కప్పుకున్న మేలిచాప

ఇయోసువా బస్సు కింద పడి ఎవరో పోయారని రొట్టెల కొట్టు ఫెతూ చెప్పిందట. ఫెతూ అలా చెప్పిందని పాస్టరమ్మ చెప్పింది. పాస్టరమ్మ ఆ మాట చెప్పింది మరెవరికో కాదు, సాక్షాత్తూ ఇయోసువా పెళ్లాం మోయెలాంగికే. ఆ సమయానికి మోయెలాంగి ఊటమడుగులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చంటాణ్ణి వీపుకి కట్టుకుని, వాడి పీతిగుడ్డలు బండకేసి బాదుతోంది.

"ఎంతమందమ్మా?" అంది పాస్టరమ్మ గట్టు మీంచి, గొంతు తగ్గించి.

"ఎంతమంది ఏంటండీ?"

"పోయినవాళ్లు. ఫెతూ ఒక్కరే అంటోంది. కొబ్బరి లారీ వాళ్లేమో ఇద్దరంటున్నారు. ఎంతమందైనా ప్రాణం ప్రాణమే. సాయంత్రం ప్రార్థనలో పేర్లు చెప్పాలి కదా, అందుకని అడిగాను."

"మా ఆయన పొద్దున్నే కోకో తాగి బస్సెక్కాడండీ. ఎవర్నీ చంపలేదు."

"పాపం, నీకింకా తెలీదన్నమాట." పాస్టరమ్మ గట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చుందంటే కబురు పెద్దదని అర్థం. "మీవాళ్లంతా ఫాలనికో ఇంటి ముందు చాప కప్పుకుని కూర్చున్నారు. ఫెతూ కళ్లారా చూసిందట."

"మావాళ్లంటే ఎవరండీ?"

"నువ్వూ, మీ ఆయనా."

మోయెలాంగి చేతిలోని తడిగుడ్డనీ, నీళ్లలో ఉన్న తన కాళ్లనీ చూసుకుంది. "నేనిక్కడున్నాను కదండీ."

"నిన్ను చూశాక నాకూ అదే అనుమానం వచ్చింది. మరి అక్కడున్నదెవరో."

చాప కప్పుకుని కూర్చోవడమంటే మాటలు కాదు. మనిషి ప్రాణం తీసినవాడో, అంత పని చేసినవాడో తనవాళ్లతో కలిసి ఎదుటివాళ్ల వాకిట్లో మేలిచాప తలమీదుగా కప్పుకుని, ముందర నాలుగు రాళ్లూ కట్టెలూ పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంటాడు. కాల్చుకు తిన్నా మీ దయే అని ఆ రాళ్లకీ కట్టెలకీ అర్థం. ఈఫోంగా అంటారు దాన్ని. ఇంటివాళ్లు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు, చాప ఇక వాళ్లది. ఎత్తకపోతే ఎంతసేపైనా కూర్చోవలసిందే. పిడికిలి బిగించి వచ్చే కొడుకులుంటే, ఆ ఇంటి గుమ్మంలో జరగరానివి కూడా జరిగాయి.

చాప అన్న మాట ఇప్పుడు మోయెలాంగి చెవిలో రెండోసారి మోగింది. పొద్దున ఒక చాపని ఆమె తన చేతులతోనే వాకిట్లో ఎండేసి వచ్చింది.

ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసమినో మావయ్య, అంటే ఇయోసువా పెదనాన్న, ఆయన అక్కగారు కొండ అవతలి ఊళ్లో కాలం చేసింది. మర్నాడు పాతిపెట్టడం. అక్కడ పరచడానికి ఆ వంశం వాళ్లకి మిగిలిన ఒకే ఒక్క పాత మేలిచాపని పెసమినో మధ్యాహ్నం వచ్చి తీసుకువెళ్తాడు. ఆయన ముత్తవ్వ చూపు పోయేదాకా అల్లిన చాప అది. మడతపెడితే చీరలా మెత్తగా ఉంటుంది, అంచుకి ఎర్ర ఈకలు. పెసమినో ఇంటి కప్పు కారుతుంది కాబట్టి మోయెలాంగి ఇంట్లో ఉంచారు. అది కాస్త ఎండకి ఆరాలి. ఆలోగా గుడ్డలు ఉతకాలి, చేమదుంపలు ఉడకెయ్యాలి, వీలైతే కూర్చుని ఒక కప్పు కోకో తాగాలి. ఆ చివరిది పథకంలో ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ జరగదు.

నలుగురు పిల్లలున్న ఇంట్లో పథకం అనేదే పెద్ద సాహసం. ఏడేళ్ల తలోసంగాకి అన్నీ తెలుసు, తెలియనివి అడుగుతుంది. ఐదేళ్ల పెని రొట్టెలో మెత్తటిది పారేసి పెచ్చు తింటాడు, పారేసినదాన్ని కోళ్లు తింటాయి, ఆ కోళ్లని వాడు తరుముతాడు. మూడేళ్ల ఊలాకి ఒంటేలు వస్తుందని తెలుస్తుంది గాని వచ్చాకే తెలుస్తుంది. చంటాడికి పళ్లు వస్తున్నాయి. నలుగురూ ఒకేసారి నిద్రపోయిన రాత్రి మోయెలాంగికి ఒక్కటే గుర్తుంది. ఆ రాత్రి నలుగురికీ జ్వరం. ఇవాళ పొద్దున మాత్రం బడికి సెలవులు గనక తలోసంగాని చాపకి కాపలా పెట్టింది. "కోడి తొక్కకూడదు. పెని తొక్కకూడదు. మీద చెయ్యి పడిందో, చర్మం ఒలుస్తాను," అని చెప్పి మడుగుకి వచ్చింది. పిల్లలు ముగ్గురూ బుద్ధిగా తలూపారు. అప్పుడే అనుమానం రావాలి ఆమెకి.

పోయిన నెల పక్క ఊళ్లో నిజంగానే ఒకళ్లు చాప కప్పుకుని కూర్చుంటే తలోసంగా తండ్రి బస్సు కిటికీలోంచి చూసింది. అప్పట్నుంచి ఇంట్లో దుప్పటి దుప్పటిలా ఉండటం మానేసింది. ఒకడు తప్పు చేసినవాడు, ఒకతె ఏడ్చే ఆడమనిషి, ఒకతె క్షమించే పెద్ద. పెళ్లాట, చావాట, పాస్టరాట అన్నీ పాతబడిపోయాయి.

మోయెలాంగి బకెట్టు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

తన వాకిట్లో చాప లేదు. కంచె అవతల, ఫాలనికో ఇంటి ముందు తెల్లగులకరాళ్ల మీద చాప ఉంది. దాని కింద మూడు గుట్టలున్నాయి. ముందర వరసగా రాళ్లూ, పొయ్యిలోంచి ఎత్తుకొచ్చిన సగం కాలిన కట్టెలూ ఉన్నాయి. రోడ్డు పక్కన ఊళ్లోవాళ్లు పదిమంది దాకా చేతులు కట్టుకుని తలలొంచి నిలబడ్డారు. ఫెతూ కొట్టు కట్టేసి మరీ వచ్చింది.

"బెంగతో మనిషి ఎంత చిక్కిపోయాడో చూడు," అంటోంది ఫెతూ పక్కావిడతో. "నిన్న రొట్టెకొచ్చినప్పుడు బస్తాలా ఉన్నాడు. ఇవాళ గంపంత లేడు."

"పక్కన చిన్నగా ఉన్నదెవరు?"

"పెళ్లాం. ఆమె ఇంకా ఎక్కువ బాధపడుతోంది." అని ఇటు తిరిగి మోయెలాంగిని చూసి, ఫెతూ నోరు మూసుకుంది. మళ్లీ తెరిచింది. "నువ్విక్కడేం చేస్తున్నావు? కింద ఉండాలి కదా."

"అక్కడ మేం లేం. మా పిల్లలు. ఆడుకుంటున్నారు."

"ఆటా?" అంది ఫెతూ. ఆ మాటకి పదిమందీ ఇటు తిరిగారు. "ఫాలనికో తుంటి నీకు ఆటగా ఉందా?"

ఆ తుంటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట రెండిళ్ల మధ్య కంచెలో ఉన్న ముసలి కొబ్బరిచెట్టు ఫాలనికో వంటపాక మీదికి ఒరిగింది. కొట్టిపెట్టమని అడిగింది ఫాలనికోనే. ఇయోసువా మొదలు మూడొంతులు నరికి, చెట్టు తలకి కట్టిన తాడు పట్టుకుని తనవైపుకి లాగాడు. చెట్టు రావలసిన వైపుకి రాలేదు. ఫాలనికో తను తప్పుకున్నాడు గాని ఆయన తుంటి తప్పుకోలేకపోయింది. ఆనాటి నుంచి ముసలాయన ఇంట్లో నడిమి స్తంభం పక్కన పడుకుని వాకిలి వంక చూస్తున్నాడు. గోడల్లేని ఇల్లు, వాకిట్లోవాళ్లు కూడా ఆయన్ని చూస్తారు.

గాలి కొట్టిందని పెసమినో పెద్దల సభలో చెప్పాడు. వంశానికి పెద్ద ఆయన. మాటల్లో ఆయన్ని మించినవాడు ఆ తీరంలో లేడు. ఆ రోజు ఊళ్లో ఆకు కదిలినట్టు ఎవరికీ గుర్తు లేదు, అయినా సభ ఆ గాలిని ఒప్పుకుంది. "చాప కప్పుకుని కూర్చున్నావో, తప్పు ఒప్పుకున్నట్టే. గాలి చేసిన పనికి ఎవడైనా క్షమాపణ చెబుతాడట్రా?" అని ఇయోసువాని కట్టడి చేశాడు. అంతే. రెండిళ్ల మధ్య మాటలు పోయాయి. కంచె దాటిన బంతి మాత్రం మర్నాటికి మాట లేకుండా ఇటు వచ్చి పడేది.

ఇప్పుడు మోయెలాంగి ముందర రెండే దారులు. వెళ్లి చాప లాగేస్తే, కదల్లేని ముసలివాడి గుమ్మంలో పిల్లలు వెక్కిరింపుగా ఆడారని ఊరు ఊరంతా అంటుంది. లాగకపోతే ముసలాయన ఎత్తుతాడు. చాప పోతుంది, రేపు శవం ముందు పెసమినో వట్టి చేతులతో నిలబడతాడు. పైగా ఇంటి లోపల మాసినా, ఫాలనికో భార్య, స్తంభానికి ఆనుకుని చెంగుతో కళ్లు వత్తుకుంటోంది. ఏడుస్తున్న మనిషి ముందుకెళ్లి ఆట అని ఎలా చెప్పడం?

చాప అంచు కింద ఒక చిన్న మడమ కనిపిస్తోంది, బురదతో. ఆ మడమ దురదపుట్టి రెండో కాలిని గోక్కుంది.

సరిగ్గా అప్పుడే పెసమినో గొడుగేసుకుని చాప కోసం వచ్చాడు. జనాన్ని చూశాడు. తన ముత్తవ్వ చాపని చూశాడు. ఆ చాప ఎవరి వాకిట్లో ఉందో చూశాడు. మోయెలాంగి ఆయనకి అడ్డం పోబోయింది గాని చంటాడు అదే క్షణాన ఆమె జుట్టు పట్టుకు లాగి గుక్కపట్టాడు. ఆ ఏడుపులో "మావయ్యా, అది ఆయన కాదు" అన్న మాట ఫెతూ చెవికి కూడా పోలేదు.

పెసమినోకి ముందు కోపం వచ్చింది. తనని అడక్కుండా తమ్ముడి కొడుకు తప్పు ఒప్పేసుకున్నాడు. కోపం వచ్చినంత వేగంగా పెద్దరికం కూడా వచ్చింది. తన ఇంటివాడు చాప కింద ఉంటే వంశపెద్ద గొడుగు కింద నిలబడకూడదు. ఊరంతా చూస్తోంది. ఆయన గొడుగు మూశాడు. చొక్కా విప్పి మడిచి దాని మీద పెట్టాడు. లుంగీ ఎగ్గట్టుకుని, మోకాళ్ల మీద వంగి, చాప అంచెత్తి లోపలికి దూరాడు. నాలుగో గుట్ట లేచింది, మిగతా మూడింటికంటే నాలుగింతలు.

తర్వాత ఆ పెద్ద గుట్ట ఉలిక్కిపడింది. బయటికి రాలేదు.

"పెసమినో అంతటివాడు కూర్చున్నాడంటే," అంది ఫెతూ, "పోయింది ఒక్కళ్లు కాదు."

బస్సు వచ్చింది. అన్నీ ఒక్కసారే వస్తాయి. ఇయోసువా బస్సుకి రంగులెక్కువ, పాటలెక్కువ, బ్రేకులు తక్కువ. మలుపు తిరుగుతూనే తన ఇంటి దగ్గర గుంపు కనిపించింది. పక్కింటి వాకిట్లో చాప, దాని పక్కన మడిచిన పెదనాన్న చొక్కా. నలుగురు పిల్లలున్నవాడికి అలాంటిది కనిపిస్తే మొదట వచ్చే ఆలోచన ఒకటే. బస్సుని జనంతో సహా రోడ్డు మధ్యలో ఆపేసి దూకి వచ్చాడు.

"ఎవరికేమైంది?" అన్నాడు ఫెతూతో, ఊపిరందక.

"నువ్వే చెప్పాలి," అంది ఫెతూ. "చంపింది నువ్వు కదా."

"నేనా?"

మోయెలాంగి వాడి చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు లోపలున్నారు. మావయ్య లోపలున్నాడు. వెళ్లకు."

వాడికి 'పిల్లలు లోపల' అన్నంతవరకే వినపడింది. చొక్కా విప్పి వాడూ దూరాడు.

ఇక బయట మిగిలింది మోయెలాంగి, ఆమె వీపున చంటాడు. ఊళ్లోవాళ్లు ఆమె వంక చూస్తున్నారు. ఏమీ అనకుండా చూడటం మా ఊరివాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పాస్టరమ్మ దగ్గరికొచ్చి, "వెళ్లమ్మా, పోయినవాళ్ల ఆత్మశాంతికైనా," అంది. మోయెలాంగి వెళ్లింది.

చాప కింద చీకటిగా లేదు. తేనెరంగు వెలుతురు, ఉక్క. పాత మొగలాకు వాసన, పెసమినో ఒంటి కొబ్బరినూనె వాసన, ఈ రెండింటినీ మించి ఇంకో వాసన.

"చాప తడిసింది," అన్నాడు పెసమినో గుసగుసగా. ఆయన మొహం చూస్తే అక్కగారు పోయిన కబురు ఇప్పుడే అందినట్టుంది.

"ఊలా పోసింది తాతా," అంది తలోసంగా. "ఆపుకోమన్నాను. క్షమించేదాకా లేవకూడదు కదా, అందుకని లేవలేదు అది. మంచిపిల్ల."

"మా ముత్తవ్వ కళ్లు పోగొట్టుకుని అల్లింది దీన్ని."

"తాతా, తల వంచుకోవాలి. మాట్లాడకూడదు. తప్పు చేసినవాళ్లు మాట్లాడరు."

"ఏం తప్పు చేశావే నువ్వు?" అని పళ్లు నూరింది మోయెలాంగి.

"ఏం చెయ్యలేదు. ఆట."

"ఆడితే మనింటి ముందు ఏడవొచ్చు కదా."

"మనింటి ముందు మనమే కూర్చుంటే ఎవరు క్షమిస్తారమ్మా?" అంది తలోసంగా, తల్లికి ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతూ.

ఇయోసువా పెదనాన్న వైపు జరిగాడు. "నువ్వెందుకు కూర్చున్నావు పెదనాన్నా?"

"నువ్వు కూర్చున్నావని."

"నేను బస్సు తోలుతున్నాను."

"లోపలికొచ్చాక తెలిసింది. అప్పటికే చొక్కా విప్పేశాను."

"సరే, లేచి చెప్పేద్దాం పిల్లల ఆటని," అంది మోయెలాంగి. చంటాణ్ణి ముందుకి తిప్పి పాలకి పెట్టింది.

"నేను దూరాక ఇది ఆట కాదు. ఊరంతా చూసింది. ఇప్పుడు లేచామంటే తుంటి విరిగినవాడి గుమ్మంలో ముసలీ ముతకా కలిసి దాగుడుమూతలాడినట్టు అవుతుంది. లేవకపోతే చాప పోతుంది. రేపు అక్కయ్య ముందు ఏం పరచమంటావు, ఈ లుంగీయా?"

"గాలి సంగతి మళ్లీ ఒకసారి చెప్పు పెదనాన్నా. ఇవాళ కూడా పని చేస్తుందేమో," అన్నాడు ఇయోసువా.

"వెటకారమా?"

"గాలి లేదు ఆ రోజు."

"నాకు తెలుసురా. ఆ గాలిని పుట్టించిందే నేను."

రోడ్డు మీద బస్సులోవాళ్లెవరో హారన్ కొట్టారు. ఊలా తన తడిమీదే పెసమినో తొడ మీదికి ఒరిగి నిద్రలోకి జారింది. ఆయన ఆ తల పక్కకి తోద్దామని చెయ్యెత్తి, తోయకుండా అక్కడే ఉంచాడు. చంటాడు గుటకలేస్తున్నాడు. ఇంటిల్లిపాదీ ఒక్కచోట, ఎవరూ పరిగెత్తకుండా, ఎవరూ దేనిమీదా ఎక్కకుండా కూర్చుని ఎంతకాలమైందో మోయెలాంగికి గుర్తు రాలేదు. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది.

"తాడు నేనే వదిలేశాను," అన్నాడు ఇయోసువా. పెదనాన్నకి చెబుతున్నాడు గాని చూపు మోయెలాంగి మీద ఉంది.

ఆమెకి తెలుసు. రెండేళ్లుగా ఒకే పరుపు మీద పడుకుంటూ ఇద్దరూ ఎత్తని మాట అది. ఆ రోజు ఆమె ఊలాకి పాలిస్తూ కూర్చునే నిద్రపోయింది. అంతకుముందు ఎన్ని రాత్రులు నిద్ర లేదో. పెనికి అప్పుడు మూడేళ్లు. కోడి వెంట పరిగెత్తుకుంటూ చెట్టు కిందికి పోయాడు. ఆమె కళ్లు తెరిచేసరికి ఇయోసువా చంకలో పెని ఉన్నాడు, తాడు నేల మీద ఉంది, చెట్టు ఫాలనికో మీద ఉంది.

"మెలకువగా ఉండాల్సింది నేను," అంది.

"ఎవరుండగలరు," అన్నాడు ఇయోసువా. "మళ్లీ అదే జరిగితే మళ్లీ వదిలేస్తాను. అదే నా బాధ. క్షమించమనాలంటే చేసినదానికి ఏడవాలి కదా. నాకు ఏడుపు రావట్లేదు. ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కను?"

"ఏ తాడు నాన్నా?" అన్నాడు పెని, మోకాలి మీద దోమకాటు గోక్కుంటూ. వాడికి ఎవరూ చెప్పలేదు.

గులకరాళ్లు కరకరలాడాయి. ఎవరో వస్తున్నారు. నడుస్తున్న చప్పుడు కాదు. ఒక ఈడ్పు, ఒక ఆగడం, మళ్లీ ఒక ఈడ్పు. మోయెలాంగి అంచు సందులోంచి చూసింది. ఫాలనికో రెండు చేతులూ నేల మీద మోపి, కూర్చునే జరుగుతూ, కాళ్లని వెనక నుంచి లాక్కుంటూ వస్తున్నాడు. ఊళ్లోవాళ్లు ఒక్కరూ సాయానికి కదల్లేదు. ఇలాంటి వేళ కదలకూడదు. మాసినా ఇంట్లోనే స్తంభానికి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఆయనకి ఊపిరందడం లేదు. మధ్యలో ఆగి రెండుసార్లు దగ్గాడు. అంత దూరమూ ఆ ఈడ్పులు వింటూ కూర్చోవడం కంటే, ఒక కట్టె తీసుకుని ఆయన కొట్టినా బాగుండేదనిపించింది మోయెలాంగికి.

చాప లేచింది. ఎండ కళ్లలో పడింది.

ఊరంతా ముందుకి వంగి చూసింది. చొక్కా లేని ఇద్దరు మగాళ్లు, పాలిస్తున్న తల్లి, నిద్రపోతున్న ఊలా, చేతులు జోడించి పద్ధతిగా తలొంచుకున్న తలోసంగా, అందరి మధ్యలో తలెత్తి చూస్తున్న పెని.

"పూజ్యుడా," అని మొదలెట్టాడు పెసమినో, గొంతు సవరించుకుని. "సముద్రమంత నీ ఓర్పు ముందు, ఈ చిన్న పడవ, చిరిగిన తెరచాపతో..."

"నువ్వుండు," అన్నాడు ఫాలనికో. "ఒరేయ్ ఇయోసువా, దేనికి కూర్చున్నావు?"

ఇయోసువా ఒకసారి పెదనాన్న వంక చూశాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"గాలి కాదు పెద్దాయనా. తాడు నేనే వదిలేశాను."

ఫెతూ ఊపిరి బిగబట్టిన చప్పుడు అందరికీ వినపడింది. ఫాలనికో మాత్రం చీమ కుట్టినట్టయినా లేడు.

"ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా? వదలమని అరిచింది నేనే కదా. వినపడలేదా నీకు?"

"వినపడింది."

"ఏమని అరిచాను?"

"తాడొదిలెయ్, పిల్లాణ్ణి పట్టుకో, అని."

"మరింకేంటి?" ముసలాయన మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "నేను చెప్పిన పని చేసి, నన్నే క్షమించమంటావా? రెండేళ్లు వాకిలి వంక చూస్తూ పడుకున్నాన్రా. ఈ చాప కోసం కాదు. ఆ పిల్లాణ్ణి ఒకసారి తీసుకొచ్చి, ఇదిగో వీడే అని చూపిస్తావని. గాలి అట, గాలి. నన్ను పడేసింది గాలి అని చెప్పుకోవడానికి నేనేమైనా అరటిచెట్టునా?"

ఇయోసువా మోకాళ్ల మీదే ఉండిపోయాడు. రానిదనుకున్న ఏడుపు అప్పుడొచ్చింది వాడికి, ఊరందరి ముందు, చొక్కా లేకుండా.

"నేనేనా ఆ పిల్లాణ్ణి?" అన్నాడు పెని.

"నువ్వే. ఇలా రా." ఫాలనికో వాణ్ణి రెండు చంకల్లో చేతులేసి కాస్త పైకెత్తి, బరువు చూసి, దింపాడు. "ఇంకా కాస్త తినిపించమ్మా వీడికి," అన్నాడు మోయెలాంగితో. ఆమె తలూపింది.

"తాతా, తొందరగా క్షమించెయ్," అన్నాడు పెని. "ఆకలేస్తోంది."

ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు నవ్వులోకి వచ్చింది. రోడ్డు పక్కన ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరమ్మ దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. చావు లేకుండా ఇంత కథ నడిచినందుకు ఫెతూకి లోపల కొంచెం వెలితిగా ఉంది గాని, తాను మొదటినుంచీ అదే చెబుతున్నానని పక్కావిడతో అనేసింది. బస్సులోవాళ్లు కూడా దిగొచ్చి చూస్తున్నారు.

ఈ సందట్లో పెసమినో తేరుకున్నాడు. పెద్దలకి తేరుకోవడం త్వరగా వస్తుంది. చొక్కా తొడుక్కుని, ఒక్కో గుండీ పెట్టుకుంటూ, మళ్లీ సభలో గొంతు తెచ్చుకున్నాడు. "అన్నయ్యా, నీ పెద్దమనసు ఊరు విన్నది. క్షమించవలసిన తప్పే లేదన్నావు. తప్పు లేనప్పుడు చాప చేతులు మారడం పద్ధతి కాదు. రేపు మా అక్కయ్య..."

"తీసుకుపో, తీసుకుపో," అన్నాడు ఫాలనికో చెయ్యి ఊపి. "నాకెందుకది, పడుకోవడానికి నాకు వేరే ఉంది."

మోయెలాంగి గుండెల్లోంచి ఒక బరువు దిగింది. తడిసిన చోటు మధ్యాహ్నం ఎండకి ఆరుతుంది, వాసనకి ఏ పూలో పెట్టొచ్చు. పెసమినో వంగి ఒక అంచు పట్టుకుని మడత మొదలెట్టాడు. మడత రాలేదు. రెండో అంచు ఎవరి చేతిలోనో ఉంది.

మాసినా ఎప్పుడు మెట్లు దిగి వచ్చిందో ఎవరూ చూడలేదు. పొద్దుట్నుంచీ ఎవరూ ఆమె వైపు చూడనే లేదు. కళ్లు తుడుచుకుంటోందని మోయెలాంగి అనుకుంది గాని, దగ్గర్నుంచి చూస్తే ఆ కళ్లలో నీళ్లు లేవు. నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. ఆమె చాపని తనవైపుకి లాక్కుని, తడిసిన భాగాన్ని లోపలికి పెట్టి, ఈకలు నలగకుండా మడిచి, చంకలో పెట్టుకుంది.

"అదేంటి చెల్లెమ్మా," అన్నాడు పెసమినో. "క్షమించేదేమీ లేదని పెద్దాయనే అన్నాడు కదా."

"అరిచింది ఆయన, పడింది ఆయన, ఆయనకేమీ లేకపోవచ్చు," అంది మాసినా. "ఆ రోజు నుంచీ ఆ మనిషిని ఎత్తి, తిప్పి, కడిగి పడుకోబెడుతున్నది నేను. అందాకా చాప నా దగ్గరే ఉంటుంది. నా ముందు కూర్చోవలసినవాళ్లు ఇంకా కూర్చోలేదు."